ముందు బ్రేకు సరిగ్గా పట్టడం లేదా? సర్వీసు, ప్యాడ్లు, స్టీల్ హోసు, పెద్ద డిస్కు: డబ్బు దేనికి పెట్టాలి?

"బండి బాగానే ఉంది గానీ ముందు బ్రేకు పట్టడం లేదన్నా" అని అడిగి చూడండి, నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. ఒక మెకానిక్ ప్యాడ్లు మార్చమంటాడు. ఇంకో మెకానిక్ స్టీల్ హోసు (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) వేయిద్దాం అంటాడు. వీడియోలు చూసొచ్చిన తమ్ముడు డ్యూక్ బండి కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం), పెద్ద డిస్కు పెట్టిద్దాం అంటాడు. సర్వీసు సెంటర్లో అయితే ఓ రౌండు వేసొచ్చి "అంతా నార్మలే సార్" అనేస్తారు. వీళ్లలో ఎవరి మాటనూ పూర్తిగా కొట్టిపారేయలేం. మీ బండికి ఏ మాట వర్తిస్తుందో తెలియకపోవడమే చిక్కు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన రోడ్ల మీద తిరిగే 100 నుంచి 350 సీసీ బళ్లకు కంపెనీ ఇచ్చే డిస్కు బ్రేకు మామూలు వాడకానికి సరిపోతుంది. అది బలహీనపడిందంటే చాలాసార్లు దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ విప్పి శుభ్రం చేయకపోవడమే కారణం. కాబట్టి ముందు పూర్తి సర్వీసు, తర్వాత ప్యాడ్లు, ఆ తర్వాత హోసు. పెద్ద డిస్కు దాకా వెళ్లాల్సినవాళ్లు చాలా కొద్దిమంది. డ్రమ్ బండి వాళ్ల లెక్క వేరు, వాళ్ల సంగతి విడిగా రాశాను.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు మీ ఫిర్యాదు ఏంటో కచ్చితంగా తెలియాలి. "బ్రేకు పట్టడం లేదు" అనే ఒక్క మాట వెనక ఐదారు రకాల జబ్బులు ఉంటాయి. వాటిలో సగం జబ్బులు కొత్త సామాను కొన్నంత మాత్రాన పోవు.

| లక్షణం | ఎక్కువగా ఉండే కారణం | ముందు చేయాల్సింది |
|---|---|---|
| లివర్ స్పాంజీగా ఉంది, రెండు మూడుసార్లు పంపు చేస్తే గట్టిపడుతోంది | లైనులో గాలి, పాతబడిన ఆయిల్ | ఆయిల్ మార్చి గాలి తీయించడం |
| లివర్ నొక్కి పట్టుకుంటే మెల్లగా గ్రిప్పు దాకా దిగిపోతోంది | మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఆయిల్‌ను నెట్టే భాగం) రబ్బర్లు పోవడం లేదా ఎక్కడో లీకు | బండి అక్కడే ఆపి బాగు చేయించడం |
| లివర్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు | ప్యాడ్లు గ్లేజ్ అవడం (గాజులా నున్నగా మారడం), వాటికి నూనె అంటడం, కాలిపర్ పిన్నులు జామ్ అవడం | కాలిపర్ విప్పి చూడటం |
| బ్రేకు వేస్తే లివర్ కొట్టుకుంటోంది, హ్యాండిల్ వణుకుతోంది | డిస్కు వంగడం, మందం ఒకేలా లేకపోవడం, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులవడం | డిస్కు కొలవడం, కోన్‌సెట్ చూడటం |
| బండి తోస్తుంటే బరువుగా కదులుతోంది, డిస్కు వేడెక్కుతోంది | కాలిపర్‌లో ప్యాడును నెట్టే పిస్టన్ వెనక్కి రాకపోవడం | పిస్టన్, సీళ్లు శుభ్రం చేయడం |
| ఘాట్ దిగుతుంటే సగం దారిలో బ్రేకు తగ్గుతోంది | వేడి | ఆయిల్, ప్యాడ్ల రకం, గేరు వాడే తీరు |

తర్వాత టైరు. బ్రేకు చక్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది. రోడ్డును పట్టుకునేది టైరే. పొడి రోడ్డు మీద మంచి టైరుతో గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, గట్టిగా బ్రేకు వేశాక ఆగడానికి సుమారు 20 మీటర్లు తీసుకుంటుంది. అదే 80లో ఉంటే 36 మీటర్ల దాకా పోతుంది. ఇక ప్రమాదం చూసి చేయి లివర్ మీద పడేలోపు ఒక్క సెకను గడిచినా, 60 వేగంలో 16, 17 మీటర్లు అప్పుడే దాటేసి ఉంటారు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో, బండి నిటారుగా ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా నొక్కి చూడండి. రెండు వేళ్లతోనే ఏబీఎస్ పని మొదలెట్టిందంటే మీ బ్రేకు బలం అప్పటికే టైరు పట్టును మించి ఉంది. ఇక డిస్కు ఎంత పెద్దది వేసినా ఆగే దూరం తగ్గదు. ఏబీఎస్ లేని బండితో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, ముందు చక్రం లాక్ అయితే కిందపడటానికి క్షణం పట్టదు. టైరు వయసు కూడా ఓసారి చూసుకోండి. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. అలాంటి టైరు మీద తిరుగుతూ బ్రేకులకు వేలు పోయడం దండగ.

వేడి సంగతి ఘాట్ రోడ్ల వాళ్లకు ముఖ్యం. బండి వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇద్దరు మనుషులతో కలిపి 300 కిలోల బరువున్న బండి 500 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడి, సుమారు ఐదు లీటర్ల కుళాయి నీళ్లను మరిగే స్థితికి తేగలదు. అదంతా పళ్లెమంత డిస్కూ, అగ్గిపెట్టంత ప్యాడ్లూ భరించి గాలికి వదలాలి. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగేవాళ్లు, అనంతగిరి ఘాట్‌లో అరకు నుంచి వచ్చేవాళ్లు, మారేడుమిల్లి అడవుల్లో తిరిగేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. రోజూ ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో పాకేవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు.

సామాను ఎక్కడ దొరుకుతుంది, వేసేవాడెవరు అన్నది మరో విషయం. హైదరాబాద్ పుత్లీబౌలీలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వెతికితే చాలా బళ్లకు సామాను దొరుకుతుంది. మండల కేంద్రంలో ఉండేవాళ్లు విదేశీ కాలిపర్ పెట్టించుకున్నాక దాని సీల్ పోయిందంటే, కొరియర్ వచ్చేదాకా బండి ఇంట్లోనే.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. అరిగిన ప్యాడ్ల బదులు కొత్త ప్యాడ్లు వేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ముందు ఫోర్కులు, చక్రం, బ్రేకు మొత్తం వేరే బండివి తెచ్చి బిగిస్తే మాత్రం ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ అడిగే ప్రశ్నలకు జవాబు మీ దగ్గర ఉండాలి.

## మొదటి దారి: ఉన్న బ్రేకునే పూర్తిగా సర్వీసు చేయించడం

ఖర్చు వందల్లో తేలుతుంది. ఫలితం మాత్రం చాలామందికి కొత్త బ్రేకు పెట్టించినంత ఉంటుంది.

ఆయిల్‌తో మొదలెడదాం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం (ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు ఇది) ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరిన తర్వాత ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి పడుతుంది. ఘాట్‌లో కాలిపర్ వేడెక్కి ఆయిల్ మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. బుడగలు నలిగిపోతాయి కాబట్టి లివర్ ఖాళీగా దిగిపోతుంది. అందుకే బండి ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలంటారు. చూడటానికి బాగానే ఉందని కొందరు పైన కాస్త పోసి వదిలేస్తారు. అది మార్చినట్టు కాదు, పాతదంతా కింద కాలిపర్‌కు ఉన్న నిపుల్ (ఆయిల్ వదిలే స్క్రూ) నుంచి బయటికి వచ్చేయాలి. సీల్ తీయని సీసా మీ ముందే తీయించండి. మూత తీసి నెలలు గడిచిన సీసాలో ఆయిల్ అప్పటికే తేమ పట్టి ఉంటుంది. ట్యాంకు మీద చుక్క పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడిగేయాలి.

డాట్ 4 రాసి ఉన్న బండికి డాట్ 5.1 పోయొచ్చు. డాట్ 5 మాత్రం వద్దు. పేర్లు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు, ఏబీఎస్ బళ్లకు అసలు పనికిరాదు. అంకె పెద్దదైతే మంచిదేమోనని కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇక కాలిపర్. మన కమ్యూటర్ బళ్లలో ఎక్కువగా ఉండేది ఫ్లోటింగ్ కాలిపర్. పిస్టన్లు ఒక పక్కనే ఉంటాయి, కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి రెండో పక్క ప్యాడును లాగుతుంది. ఆ పిన్నులు ఎండిపోతే ఒక ప్యాడే పనిచేస్తుంది. ప్యాడ్లు తీసి పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి పూర్తిగా అరిగి రెండోది సగం ఉందంటే జబ్బు ఇదే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. చెయిన్‌కూ బేరింగులకూ వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ జామ్ అవుతుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు ఇంకో తప్పు ఎక్కువగా జరుగుతుంటుంది. బయటికొచ్చిన పిస్టన్ మీద మట్టి, నల్లటి ప్యాడ్ పొడి పేరుకుని ఉంటాయి. తుడవకుండా స్క్రూడ్రైవర్ పెట్టి లోపలికి తోసేస్తారు. ఆ మట్టంతా సీల్ దగ్గరికి పోతుంది. బ్రేకు వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగేది ఆ సీలే. అది పాడైతే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూనే ఉంటాయి, మైలేజీ కూడా తగ్గుతుంది.

డిస్కు మీద చిన్న అక్షరాలతో కనీస మందం రాసి ఉంటుంది. ప్యాడ్లు రెండు మూడు సెట్లు మార్చాక ఓసారి కొలిపించండి. డిస్కు అంచు గోటికి మెట్టులా తగులుతుంటే కొలిచే టైమ్ వచ్చినట్టే.

వాటర్ సర్వీసింగ్ షాపుల గురించి కూడా చెప్పాలి. కడిగాక బండి మెరవాలని డీజిల్ కలిపిన నూనె స్ప్రే కొట్టే అలవాటు మన దగ్గర చాలాచోట్ల ఉంది. అది డిస్కు మీద పడిందా, ప్యాడ్లు పీల్చేసుకుంటాయి. ఆ తర్వాత సాండ్‌పేపర్ రుద్దినా, పెట్రోలుతో తుడిచినా పూర్తిగా పోదు. ప్యాడ్లు మార్చాల్సిందే. "అన్నా, స్ప్రే కొట్టొద్దు" అని ముందే చెప్పండి. మర్యాదగా వద్దంటే వాళ్లేం అనుకోరు.

## రెండో దారి: మంచి ప్యాడ్లు

సర్వీసు అయ్యాక కూడా పట్టు చాలడం లేదంటే చూడాల్సింది ప్యాడ్ల రకం. ముఖ్యంగా రెండు.

ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తన. శబ్దం చేయవు, చల్లగా ఉన్నప్పుడే మెల్లగా, నమ్మకంగా పడతాయి, డిస్కును తినవు. బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది, త్వరగా అరుగుతాయి. సింటర్డ్ ప్యాడ్లు లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో ముద్దచేసి తయారుచేసినవి. వానలో తడిసినా, ఘాట్‌లో కాలినా పెద్దగా మారవు, ఎక్కువ కాలం వస్తాయి. కానీ డిస్కును కాస్త ఎక్కువ అరగదీస్తాయి, వేడిని పిస్టన్ వైపు, ఆయిల్ వైపు ఎక్కువ పంపుతాయి. కొన్నిసార్లు కీచుమంటాయి. ఈ రెంటికీ మధ్యలో సెమీ మెటాలిక్ రకం ఉంది.

ప్యాడు వెనక రెండు ఇంగ్లిష్ అక్షరాలు ముద్రించి ఉంటే అవి పట్టును చెప్పే గుర్తులు. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక. జీ అంటే ఘర్షణ గుణకం 0.45 నుంచి 0.55 మధ్య, హెచ్ అంటే 0.55 పైన. హెచ్‌హెచ్ అని ఉన్నవి గట్టి పట్టున్న రకం. అందరికీ హెచ్‌హెచ్ కావాలనేం లేదు. ఏబీఎస్ లేని తేలికపాటి బండికి, కొత్తగా నేర్చుకున్న కుర్రాడికి అంత కరుకు పట్టు ఇస్తే, వానాకాలంలో ఇసుక పడిన మలుపులో కంగారుపడి నొక్కి జారిపడతాడు. అలాంటివాళ్లకు కంపెనీ ప్యాడ్లే నయం అంటాను.

బ్రాండ్ కంటే అసలుదా నకిలీదా అన్నది పెద్ద ప్రశ్న. ప్యాకెట్ మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, తయారీ నెల ఉండాలి. ఎమ్మార్పీలో సగానికి ఇస్తున్నారంటే అనుమానించండి. నకిలీ ప్యాడ్లలో అంటించిన పదార్థం వెనకున్న ఇనుప రేకు నుంచి ఊడి వస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

సిటీలో రోజూ వానలో, ఎండలో, గంటలకొద్దీ తిరిగే డెలివరీ కుర్రాళ్లకు సింటర్డ్ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. వారానికి రెండుసార్లు బండి తీసే ఉద్యోగికి కంపెనీ ప్యాడ్లు చాలు.

## మూడో దారి: స్టీల్ హోసు

బయట స్టీల్ తీగల అల్లిక, లోపల టెఫ్లాన్ గొట్టం. రబ్బరు హోసు ఒత్తిడికి కొద్దిగా ఉబ్బుతుంది, ఇది దాదాపు ఉబ్బదు. కాబట్టి లివర్ కాస్త గట్టిగా, వేలికి స్పష్టంగా తెలిసేలా ఉంటుంది. అంతవరకు నిజం. "స్టీల్ హోసు వేస్తే బ్రేకు బలం పెరుగుతుంది" అన్నది మాత్రం సగమే నిజం. బలం ఎంత వాడుకోవాలో వేలికి తెలుస్తుంది, మొత్తం బలం పెరగదు. ఏడెనిమిదేళ్ల పాత బండికి వేసినవాళ్లకు తేడా భలేగా కనిపిస్తుంది. అందులో సగం ఘనత పాత ఆయిల్ పోయి కొత్తది వచ్చినందుకు. అదే కొత్త బండికి వేస్తే తేడా చిన్నదే.

పాత రబ్బరు హోసు మీద పగుళ్లు ఉంటే ఎలాగూ మార్చాలి. అప్పుడు ధర చూసుకుని స్టీల్ హోసుకు వెళ్లడంలో అర్థం ఉంది. పొడవు సరిగ్గా ఉండాలి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు, ముందు చక్రం గాలిలోకి లేపి ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు హోసు బిగుసుకోకూడదు. పైన ప్లాస్టిక్ పూత ఉన్నదే తీసుకోండి, లేకపోతే తీగలు ఫోర్కు పెయింటును రంపంలా కోస్తాయి. రెండు చివరలా రాగి వైసర్లు కొత్తవి వేయాలి. పాతవే తిప్పి వేస్తే మెల్లగా చెమర్చడం మొదలవుతుంది.

ఏబీఎస్ బండికి ఒకే హోసు ఉండదు. మాస్టర్ సిలిండర్ నుంచి ఏబీఎస్ పెట్టెకు ఒకటి, అక్కడి నుంచి కాలిపర్‌కు ఒకటి. ఖర్చు రెట్టింపు, గాలి తీయడం కూడా కష్టం. కొన్ని మోడళ్లకు పెట్టెలో చిక్కిన గాలి తీయడానికి కంపెనీ స్కానర్ కావాలి. ఆ స్కానర్ మీ మెకానిక్ దగ్గర లేకపోతే ఈ పని అతని చేతికి ఇవ్వొద్దు.

పెద్దగా ఖర్చు లేని ఒక చిన్న పని కూడా ఇక్కడే చెబుతాను. చేతులు చిన్నగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా బండి నడిపే ఆడవాళ్లు, లివర్ దూరంగా ఉండటం వల్ల వేళ్ల చివరలతో నొక్కుతుంటారు. బలం అక్కడే పోతుంది. మీ బండి లివర్‌కు దూరం తగ్గించే చక్రం ఉంటే సరిచేసుకోండి. లేకపోతే మీ మోడల్‌కు సరిపోయే అడ్జస్టబుల్ లివర్ వేయించుకోండి. దాని వల్ల వచ్చే తేడా కొందరికి హోసు కంటే ఎక్కువ.

## నాలుగో దారి: పెద్ద డిస్కు, వేరే కాలిపర్, వేరే మాస్టర్ సిలిండర్

డిస్కు పెద్దదైతే బలం పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. 240 మిల్లీమీటర్ల డిస్కు స్థానంలో 280 వేస్తే, వేలి బలం అంతే ఉన్నా చక్రం మీద పడే పట్టు సుమారు 17 శాతం పెరుగుతుంది. లోహం ఎక్కువ కాబట్టి వేడిని కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. ఆ పెరిగిన బలాన్ని భరించాల్సింది ఫోర్కులు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2021లో క్లాసిక్ 350ని కొత్తగా తెచ్చినప్పుడు డిస్కును 280 నుంచి 300కి పెంచింది. అదే మోడల్‌లో ఫోర్కు గొట్టాల వ్యాసాన్ని కూడా 35 నుంచి 41 మిల్లీమీటర్లకు పెంచింది, ఫ్రేమునే మార్చేసింది. గల్లీ చివరి లేత్ షాపులో బ్రాకెట్ చేయించి డిస్కు ఒక్కటే మార్చడం ఆ లెక్కలో లేని పని.

కాలిపర్, మాస్టర్ సిలిండర్ జత కుదరాలి. ఉదాహరణకు 12.7 మిల్లీమీటర్ల మాస్టర్ పిస్టన్ బదులు 14 వేస్తే, లివర్ జరిగిన ప్రతిసారీ 21 శాతం ఎక్కువ ఆయిల్ కదులుతుంది. లివర్ తక్కువ దూరం జరిగి గట్టిగా ఉంటుంది. బాగుందనిపిస్తుంది. కానీ అదే వేలి బలానికి లోపల ఒత్తిడి 18 శాతం దాకా తగ్గిపోతుంది. అంటే ఆపడానికి ఇంకా గట్టిగా నొక్కాలి. పెద్ద కాలిపర్ తెచ్చి మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే దీనికి తిరగబడి లివర్ గ్రిప్పు దాకా దిగుతుంది. బైబ్రే కాలిపర్ మంచిదే. అది ఇటలీ బ్రెంబో కంపెనీ చిన్న బళ్ల కోసం పెట్టిన బ్రాండు, డ్యూక్‌లకు వచ్చేదీ అదే. అయితే దాని జత మాస్టర్ సిలిండర్, దానికి సరిపోయే డిస్కు మందం, చక్రం మధ్యకు సరిగ్గా కూర్చోబెట్టే బ్రాకెట్ అన్నీ కుదిరితేనే ఆ మంచితనం బయటికొస్తుంది.

ఏబీఎస్ బండికైతే ఈ దారి వద్దనే చెబుతాను. ఏబీఎస్ ఆ డిస్కుకు, ఆ కాలిపర్‌కు, ఆ టైరుకు లెక్కకట్టి పెట్టింది. ట్రాక్ మీద నడిపేవాళ్లు, పాత బండిని రెస్టోర్ చేసి పూర్తి ముందుభాగం ఒకే మోడల్‌ది వేసుకునేవాళ్లు, తెలిసిన మెకానిక్ ఉన్నవాళ్లు, వీళ్లకు తప్ప మిగతావాళ్లకు అదే డబ్బుతో మంచి టైర్లు రావా?

## పక్కపక్కన పెడితే

| | పూర్తి సర్వీసు | ప్యాడ్లు | స్టీల్ హోసు | పెద్ద డిస్కు, కాలిపర్ |
|---|---|---|---|---|
| ఖర్చు | వందల్లో | వందల నుంచి కొన్ని వేలు | వేలల్లో | చాలా వేలు |
| ఆపే బలం | పోయింది తిరిగొస్తుంది | రకాన్ని బట్టి పెరుగుతుంది | పెరగదు | పెరుగుతుంది, టైరు పట్టు ఉన్నంతవరకే |
| లివర్ ఫీల్ | బాగా మారుతుంది | కొద్దిగా | పాత బండికి బాగా | జత కుదిరితే బాగు |
| ఘాట్‌లో వేడి | కొత్త ఆయిల్ వల్ల మేలు | సింటర్డ్ అయితే మేలు | తేడా లేదు | మేలు |
| చిన్న ఊళ్లో దొరకడం | సులువు | కంపెనీవి సులువు | తెప్పించుకోవాలి | కష్టం |
| చట్టం, ఇన్సూరెన్స్ చిక్కు | లేదు | లేదు | తక్కువ | ఉంది |

## డ్రమ్ బండి ఉన్నవాళ్లకు

ఊళ్లలో ఇప్పటికీ స్ప్లెండర్, షైన్ లాంటి డ్రమ్ బళ్లే ఎక్కువ. భార్య, పాప, బియ్యం బస్తాతో 50 వేగంలో వెళ్లే మనిషికి "డిస్కు పెట్టించుకో" అని చెప్పడం తేలికే. అందులో ఏముందో చూడండి. కాలిపర్ బిగించే చెవులున్న ఫోర్కు, డిస్కు హబ్బున్న చక్రం, మాస్టర్ సిలిండర్, హోసు, స్విచ్చి, స్పీడోమీటర్ పినియన్, ఇవన్నీ కావాలి. అదే మోడల్‌లో డిస్కు వేరియంట్ ఉంటే సామాను నేరుగా కూర్చుంటుంది, లేకపోతే అతుకుల పనే. పైగా 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన 125 సీసీ దాకా బళ్లకు సీబీఎస్ లేదా ఏబీఎస్ తప్పనిసరి. డ్రమ్ బళ్లకు వచ్చేది సీబీఎస్, అంటే కాలి బ్రేకు నొక్కినా ముందు బ్రేకు కొంత పడే ఏర్పాటు. ముందు డ్రమ్ తీసేస్తే ఆ జత తెగిపోతుంది. మొత్తం లెక్కేస్తే ఉన్న బండి అమ్మి డిస్కు వేరియంట్ సెకండ్ హ్యాండ్‌లో కొనడమే చాలామందికి తేలిక.

అప్పటిదాకా డ్రమ్ నుంచి కూడా మంచి పని రాబట్టొచ్చు. చక్రం తీసి డ్రమ్ తుడిపించండి. పొడిని గాలిగొట్టంతో ఊదొద్దు, పాత షూలలో (డ్రమ్‌ను లోపలి నుంచి ఒరుసుకునే ముక్కలు) ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడిగుడ్డతో తుడవాలి. గ్లేజ్ అయిన షూలను సాండ్‌పేపర్‌తో గరుకు చేయాలి. షూలను విడదీసే క్యామ్‌కు చుక్కంత గ్రీజు చాలు, ఎక్కువైతే షూ మీదికి పాకుతుంది. కేబుల్ తెగిన పోగులుంటే మార్చేయండి. అసలు గుట్టు అడ్జస్ట్‌మెంట్‌లో ఉంది. బ్రేకు పడే సమయానికి కింద ఉన్న ఆర్మూ, కేబులూ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. షూలు అరిగేకొద్దీ నట్టు బిగిస్తూ పోతే ఆర్మ్ ఆ కోణం దాటిపోతుంది, ఎంత లాగినా బలం రాదు. ప్లేట్ మీద ఉన్న బాణం గుర్తు హద్దు చేరిందంటే నట్టు తిప్పడం ఆపి షూలు మార్చే టైమ్ వచ్చింది. వాగు దాటాక, పొలం గట్టున బురదలో దిగాక లోపల నీళ్లు చేరతాయి. కొద్ది దూరం మెల్లగా, బ్రేకు తేలిగ్గా పట్టి నడిపితే ఆరిపోతుంది.

## ఎవరికి ఏది

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఏదీ ఆలోచించకుండా ఆయిల్, ప్యాడ్లు మార్చి కాలిపర్ విప్పించండి. పాత ఓనర్ "మొన్ననే చేయించా" అన్నా సరే.

సిటీ ఆఫీసు ప్రయాణమే అయితే మొదటి దారి దగ్గరే ఆగిపోవచ్చు. బుల్లెట్ మీద ఇద్దరు, సామానుతో నల్లమలకో, అరకుకో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు కొత్త ఆయిల్, అరిగిపోని ప్యాడ్లు చూసుకోండి, వీలైతే సింటర్డ్. దిగేటప్పుడు ఎక్కడానికి వాడిన గేరులోనే ఉండండి, న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగుల్చుకోవాలనుకోవద్దు. బ్రేకును అదేపనిగా పట్టి ఉంచకుండా గట్టిగా వేసి వదలండి, మధ్యలో డిస్కు చల్లబడుతుంది. 200 సీసీ పైన స్పీడు బళ్లున్న కుర్రాళ్లు హోసు మీద మోజుపడితే తప్పు లేదు, ముందు టైరు బాగుంటే.

ఏ దారి ఎంచుకున్నా కొత్త ప్యాడ్లు వేసిన రోజు బండి తీసుకునే ముందు లివర్ గట్టిపడేదాకా అక్కడే పంపు చేయండి. పిస్టన్లు వెనక్కి తోసి ఉంటాయి కాబట్టి మొదటి ఒకటి రెండు నొక్కుళ్లకు బ్రేకు అసలు పడదు, షాపు ముందే రోడ్డుంటే అది ప్రమాదం. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10 దాకా మధ్యస్థంగా బ్రేకు వేస్తూ తగ్గించండి, పూర్తిగా ఆగొద్దు, చల్లబడనిచ్చి మళ్లీ చేయండి. పదిసార్ల దాకా ఇలా చేస్తే ప్యాడ్లు డిస్కు మీద సర్దుకుంటాయి. ఆ తర్వాత కూడా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ముందు బండికి కాస్త ఎక్కువ దూరం వదిలి నడపండి.